మెట్రోలో నా బ్యాగు పట్టుకున్న అక్కకి

నిన్న పొద్దున మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్ళే మెట్రోలో, అమీర్‌పేట రష్‌లో నా లాప్‌టాప్ బ్యాగు లాక్కుని ఒళ్ళో పెట్టుకున్న అక్కా, చాలా థాంక్స్. నాకు మెడలో సి5-సి6 అనే ఎముకల మధ్య డిస్క్ అరిగి మూడేళ్ళుగా మెడనొప్పి, రాడ్ పట్టుకుందామని చెయ్యెత్తితే భుజం నుంచి బొటనవేలి దాకా జివ్వున లాగుద్ది, కానీ పైకి బానే కనిపిస్తా కదా అందుకే సీటు అడగాలంటే మొహమాటం. మెడకి కాలర్ పట్టీ పెట్టుకుంటేనేమో అందరూ యాక్సిడెంటా అంటారు, అదో గోల. మీరు అడక్కుండానే కనిపెట్టారు, మా ఆయనకీ ఇదే, ఫోన్ కళ్ళ ఎత్తులో పెట్టి చూడు, దిండు పల్చగా వేసుకో అని చెప్పి ఎంజీబీఎస్‌లో దిగిపోయారు, పేరు కూడా అడగలేకపోయా. రాత్రి రెండు దిళ్ళలో ఒకటి తీసేసి పడుకున్నానక్కా.