క్యాబిన్ మౌంట్ల తయారీలో లోపం: స్పేసర్ రంధ్రం కొలత గురించి ఫిర్యాదు

ఎర్రగుంట్ల, కడప జిల్లా.

వర్క్‌షాప్ యజమాని గారికి,

విషయం: పికప్ బండి క్యాబిన్ ఎత్తు పెంచే పనిలో మీరు తయారుచేసి బిగించిన మౌంట్లు విఫలమైనందున డబ్బు వాపసు, మరమ్మతు ఖర్చు కోరడం గురించి.

అయ్యా,

ఎర్రగుంట్ల దగ్గరి నాపరాళ్ల గని లోపల డ్రిల్లింగ్ రాడ్లు, డీజిల్ క్యాన్లు, కూలీలకు మంచినీళ్లు చేరవేసే నా పాత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌కు, క్యాబిన్‌ను ఛాసిస్ మీది నుంచి 50 మిల్లీమీటర్లు పైకి లేపి, అందుకు తగినట్లు క్యాబిన్‌ను ఛాసిస్‌కు కలిపే ఆరు మౌంట్లు తయారుచేసి బిగించే పనిని మీకు అప్పగించాను. పని ముగిశాక మీ బిల్లు ప్రకారం మొత్తం 38,000 రూపాయలు చెల్లించాను. బండి తిరిగి వచ్చిన ఆరు వారాలలోనే క్యాబిన్ ఎడమవైపు కుంగి డ్రైవరు పక్క తలుపు గడియ పడకుండా పోయింది. వెనుక ఎడమ మౌంటు దగ్గర ఛాసిస్ పగిలింది. రెండు సార్లు ఫోనులోనూ, ఒకసారి స్వయంగా వచ్చీ చెప్పుకున్నా ఫలితం లేనందువల్ల ఈ లేఖ రాస్తున్నాను.

స్ప్రింగులు మార్చి బండి మొత్తాన్ని ఎత్తు చేయించకుండా క్యాబిన్‌ను, తొట్టిని మాత్రమే లేపమని అడగడానికి కారణం మీకు మొదటిరోజే వివరించాను. పెద్ద టైర్లు గని గుంతలలో మడ్‌గార్డుకు ఒరుసుకోకుండా చోటు కావాలి, కానీ ఇంజను, గేర్‌బాక్సు, ఛాసిస్ వంటి బరువులు ఉన్నచోటే ఉండాలి, లేకుంటే ఏటవాలు దారిలో బండి పక్కకు ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. ఈ పద్ధతిలో క్యాబిన్ భారమంతా మౌంట్ల మీదనే ఆధారపడుతుంది కాబట్టి, వాటి తయారీలో ఖర్చుకు వెనుకాడవద్దని కూడా చెప్పాను. తొట్టి కింద మీరు వేసిన దిమ్మెలతో నాకు ఏ పేచీ లేదు.

నేను పదకొండేళ్లు బండల పాలిషింగ్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసినవాణ్ణి. అందుచేత ఆరు మౌంట్లనూ నేనే విప్పి, వెర్నియర్‌తో కొలిచాను. బోల్టు మందం 12 మిల్లీమీటర్లు. మౌంటులో అదురును మింగే రబ్బరు దిమ్మె, అంటే బుష్, లోపల బోల్టు చుట్టూ ఉండే ఉక్కు గొట్టం, అంటే స్లీవ్, బయటి కొలత 19. క్యాబిన్‌ను పైకి లేపడానికి బుష్ మీద పెట్టేందుకు మీరు నైలాన్ కడ్డీ నుంచి లేతు మీద తీసిన స్పేసర్ల రంధ్రం మాత్రం 20. పన్నెండు బోల్టుకు ఇరవై రంధ్రం ఎందుకు వేశారో నాకు అంతుపట్టలేదు; చేతికి అందిన బిట్‌తో ఆరింటినీ ఒకే ఊపున తొలిచారేమో.

ఈ ఒక్క కొలత వల్ల జరిగింది ఇది. బోల్టు బిగించినప్పుడు ఆ బిగువు క్యాబిన్ నేల నుంచి స్పేసర్‌కు, స్పేసర్ నుంచి స్లీవ్‌కు, స్లీవ్ నుంచి కింది వాషర్‌కు చేరాలి. రబ్బరు ఎంతవరకు నలగాలో స్లీవ్ పొడవే నిర్ణయిస్తుంది. స్లీవ్ రెండు కొనలూ ఆనిన తరువాత నట్టు ఎంత తిప్పినా రబ్బరుకు హాని ఉండదు. రంధ్రం స్లీవ్ కంటే పెద్దది కావడంతో మీ మౌంట్లలో స్లీవ్ స్పేసర్ కడుపులోకి జారిపోయి, దేనికీ ఆనకుండా ఊరికే ఉండిపోయింది. బిగువంతా రబ్బరే మోసింది. కొత్తది 30 మిల్లీమీటర్ల మందం ఉండే పై బుష్ ఇప్పుడు 21కి నలిగింది. నడుమ ఒక మందపాటి ఉక్కు వాషర్ వేసి ఉన్నా ఈ నష్టం తప్పేది.

నాలుగో రోజే క్యాబిన్ కింద టకటక శబ్దం మొదలైందని చెప్పినప్పుడు, గని దారిలో తిరిగే బండికి అది మామూలేననీ, వారానికోసారి నట్లు బిగించుకోమనీ మీ ఫోర్‌మన్ సలహా ఇచ్చారు. ఆయన మాట నమ్మి బిగించిన ప్రతిసారీ, ఆపాల్సిన స్లీవ్ దేనికీ ఆననందున, నా చేతులతో నేనే రబ్బరును నలిపాను. ఈ సలహాకు బాధ్యత కూడా మీదేనని నా అభిప్రాయం.

వెనుక రెండు బ్రాకెట్లు తుప్పు పట్టినందున కొత్తవి చేశారు. 6 మిల్లీమీటర్ల ప్లేటుతో, రెండు పక్కలా గసెట్లు (బలానికి వేసే మూల పట్టీలు) పెట్టి చేస్తామని ఎస్టిమేటులో రాసి, 4 మిల్లీమీటర్ల ప్లేటుతో గసెట్లు లేకుండా చేశారు. పెయింటు, తుప్పు గ్రైండింగ్ చేయకుండానే వెల్డింగ్ వేసినందువల్ల బీడ్ (వెల్డింగ్ గీత) నిండా బ్లోహోల్సు (గాలి రంధ్రాలు) ఉన్నాయి. పైగా ఛాసిస్ కింది అంచు మీద అడ్డంగా వెల్డింగ్ వేశారు. పగులు సరిగ్గా ఆ బీడ్ పక్కనుంచే మొదలైంది. కిరోసిన్ రాసి, తుడిచి, సుద్ద పూస్తే దాదాపు 40 మిల్లీమీటర్ల పొడవున తడి గీత తేలింది. ఫోటోలో అది స్పష్టంగా కనిపిస్తుంది. బోల్టుల తలల మీద వాటి బలాన్ని తెలిపే 8.8 అన్న గుర్తు గానీ మరే గుర్తు గానీ లేదు. ఎర్త్ తీగ పొడవు చాలక తెగిపోతే నేనే మార్చుకున్నాను, దానికి డబ్బు అడగడం లేదు. స్టీరింగ్ షాఫ్టు జాయింటును మాత్రం సరిగానే పొడిగించారు, ఆ మాట కూడా చెప్పాలి.

మార్పు చేసిన బండికి గ్యారంటీ ఉండదని మీరు అన్నారు. బండిలో ఇష్టం వచ్చినట్లు మార్పులు చేయకూడదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నాకు తెలుసు కనుకనే ఈ బండి గని హద్దులు దాటదని ముందే చెప్పి, మీ దగ్గరకు కూడా లారీ మీద ఎక్కించి పంపాను. నేను అడుగుతున్నది బండి గ్యారంటీ కాదు, ఆ మార్పు చేసి మీరు డబ్బు తీసుకున్న పనికి జవాబు.

మౌంట్ల తయారీకి, బిగింపుకు బిల్లులో వేసిన 22,500 రూపాయలు వాపసు ఇవ్వాలి. ఛాసిస్ పగులును సరిచేసి, బ్రాకెట్లు మళ్లీ చేయడానికి వేరే చోట ఇచ్చిన అంచనా 9,000 రూపాయలు భరించాలి. ఆ పనిని మళ్లీ మీ చేతికి ఇవ్వడం నాకు ఇష్టం లేదు. ఇదే కొలతతో తీసిన స్పేసర్లు మరికొన్ని బండ్లకు వేసినట్లు మీ ఫోర్‌మనే చెప్పారు కనుక, ఆ యజమానులను పిలిపించి రంధ్రాలు కొలిపించి, చేసినట్లు నాకు రాతపూర్వకంగా తెలపాలి.

లేఖ అందిన పదిహేను రోజులలో జవాబు రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో సేవాలోపంపై ఫిర్యాదు చేస్తాను. ఈ బండిని నేనే నడుపుతూ దానితోనే జీవనం సాగిస్తున్నాను కాబట్టి, వాణిజ్య అవసరానికి సేవ పొందినవారు వినియోగదారులు కారన్న మినహాయింపు మీకు వర్తించదు.

బిల్లు, ఎస్టిమేటు నకళ్లు, కొలతలు రాసిన కాగితం, ఎనిమిది ఫోటోలు జతచేశాను. నలిగిన బుష్‌లు, ఒక స్పేసర్ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీరు వచ్చి కొలుచుకోవచ్చు.

ఇట్లు,
భవదీయుడు,
(సంతకం)