బాలింతకు గంజి వార్చిన అన్నమేనా?

సంపాదకులకు,

బాలింత పథ్యం పేరుతో నెల్లూరు పల్లెల్లో కొన్ని ఇళ్లల్లో ఇప్పటికీ పప్పూ కూరలూ మాన్పించి, తెల్లటి అన్నంలో కారప్పొడి కలిపి పెడుతున్నారు. ఇలా తింటే బాలింతకు బి1 విటమిన్ సరిగా అందదు. అది ఉండేది బియ్యం పైపొరలో, మొలకలో. పాలిష్ పట్టేటప్పుడే అది చాలావరకు తవుడులోకి పోతుంది. మిగిలిందాంట్లో కొంత నాలుగుసార్లు కడిగిన నీళ్లలో, కొంత వార్చిన గంజిలో పోతుంది. ఒంట్లో దీని నిల్వ రెండు మూడు వారాలకే సరి. తల్లికి కరువైతే పాలల్లోనూ తగ్గిపోతుంది. దాంతో బిడ్డకూ బి1 కరువవుతుంది. అలాంటి రెండు మూడు నెలల బిడ్డ పాలు తాగదు, వాంతులు చేసుకుంటుంది, ఎగపోస్తుంది, నోరు తెరిచి ఏడ్చినా గొంతు పెగలదు. ఇలా కనబడితే గంట కూడా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. వేళకు బి1 ఇంజెక్షన్ పడితే గంటల్లోనే తేరుకునే బిడ్డ, ఆలస్యమైతే గుండె దెబ్బతిని దక్కకపోవచ్చు.

బియ్యం ఒకటి రెండుసార్లే కడిగి, గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లతో అత్తెసరు పెట్టండి. ఉప్పుడు బియ్యం ఇంకా మేలు, వడ్లు ఉడకబెట్టినప్పుడే విటమిన్ గింజ లోపలికి దిగుతుంది. పెసరపప్పు, కందిపప్పు, నువ్వులు బాలింతకు తప్పక పెట్టండి. పప్పు త్వరగా ఉడకాలని వంటసోడా మాత్రం వేయకండి, బి1 పాడైపోతుంది. కాన్పు ఆస్పత్రుల్లో నర్సమ్మలు ఈ సంగతి బాలింతతో పాటు ఆమె అమ్మకూ అత్తగారికీ చెప్పి పంపాలి. వండిపెట్టేది వాళ్లే కదా.

— పోషకాహార నిపుణులు, కావలి