ముందు బ్రేకు, తర్వాత ఎన్

హైదరాబాద్

రఘూ,

కారు ఫోటోలు చూశాను రా. అమ్మ ముందు సీట్లో కూర్చుని నవ్వుతున్న ఫోటో మా ఇంట్లో అందరికీ చూపించాను. ఇన్నేళ్ళూ గేర్ల బండి తోలి, ఎడమ మోకాలి నొప్పి ఎక్కువయ్యాక ఆటోమేటిక్‌కి మారడం మంచి పనే. కానీ లోపలి నుంచి తీసిన ఫోటోలో నా చూపు డ్రైవర్ కాళ్ళ దగ్గరే ఆగిపోయింది. కంపెనీ ఇచ్చిన మ్యాట్ అలాగే ఉంచి, దాని మీద దళసరి సెవెన్ డి మ్యాట్ వేయించావు. దాని పై అంచు యాక్సిలరేటర్ పెడల్‌కి ఆనుకుని ఉంది. ఫోన్లో చెబితే "సరేలే, తీసేస్తాలే" అని మర్చిపోతావని ఇంత ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు. చెల్లెమ్మ కూడా నడుపుతుంది కాబట్టి తనతోనూ చదివించు.

2009 ఆగస్టు 28న కాలిఫోర్నియాలో, శాన్ డియేగో పక్కనున్న శాంటీ అనే ఊళ్ళో జరిగిన ప్రమాదం గురించి నువ్వు విన్నావో లేదో. మార్క్ సేలర్ అని హైవే పెట్రోల్ ఆఫీసరు, ఆ రోజు డ్యూటీలో లేడు. తన కారు సర్వీసింగ్‌కి ఇస్తే, అది తయారయ్యేదాకా వాడుకోమని డీలరు ఒక లెక్సస్ ఈఎస్ 350 ఇచ్చాడు. అందులో ఆయన, భార్య, పదమూడేళ్ళ కూతురు, బావమరిది వెళ్తున్నారు. హైవే మీద యాక్సిలరేటర్ ఇరుక్కుపోయింది. కారు 160 కిలోమీటర్ల వేగం దాటింది. బావమరిది అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేసి యాక్సిలరేటర్ ఇరుక్కుందని, బ్రేకులు పట్టట్లేదని, హైవే అయిపోయి కూడలి వచ్చేస్తోందని చెప్పాడు. నలుగురూ పోయారు రా. రోజూ హైవేల మీదే బతికిన మనిషి నడుపుతున్న కారు అది.

తర్వాత విచారణలో తేలిందేమిటంటే, ఆ కారులో ఉన్నది ఆ కారు మ్యాట్ కాదు. వేరే పెద్ద మోడల్‌ కోసం చేసిన రబ్బరు మ్యాట్ వేశారు. దాని అంచులో పెడల్ చిక్కుకుంది. ఇంకో సంగతి కూడా బయటపడింది, నన్ను ఎక్కువగా కదిలించింది అదే. కొద్ది రోజుల ముందు అదే కారుని, అదే మ్యాట్‌తో, మరో కస్టమర్ తీసుకెళ్ళాడు. ఆయనకీ పెడల్ అలాగే ఇరుక్కుంది. ఆయన బ్రేకు తొక్కి వేగం తగ్గించి, న్యూట్రల్‌లో (చక్రాలకీ ఇంజన్‌కీ లంకె తెగే స్థానంలో) వేసి, పక్కకి తీసి ఆపుకున్నాడు. కిందికి వంగి చూస్తే మ్యాట్ కనబడింది. దాన్ని సరిచేసి, కారు తిరిగి ఇచ్చేటప్పుడు డీలరు దగ్గర ఈ మాట చెప్పాడు కూడా. అయినా ఆ మ్యాట్ అలాగే తర్వాతి వాళ్ళకి వెళ్ళింది.

సేలర్‌ని తప్పుపట్టడానికి ఇది చెప్పట్లేదు. అది ఆయనకి అలవాటైన కారు కాదు. తాళం చెవి లేదు, బటన్ ఉంది. నడుస్తుండగా ఇంజన్ ఆపాలంటే ఆ బటన్‌ని మూడు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. ఆ విషయం ముందే చదువుకుంటే తప్ప, అంత వేగంలో ఎవరికి తడుతుంది? ఎవరైనా నొక్కుతారు, ఆగలేదని మళ్ళీ మళ్ళీ నొక్కుతారు. కొత్త కారు ఇంటికొచ్చిన మొదటి వారంలోనే ఈ పని నేర్చుకోవాలని నేనంటున్నది అందుకే.

పెడల్ ఇరుక్కుంటే చేయాల్సింది ఇది. బ్రేకుని ఒక్కసారే, ఉన్న బలమంతా పెట్టి తొక్కు. కావాలంటే రెండు కాళ్ళూ వాడు. తొక్కాక ఎత్తకు. అలా తొక్కి పట్టుకునే లివర్‌ని డి (డ్రైవ్) నుంచి ఎన్‌లోకి, అంటే న్యూట్రల్‌లోకి, నెట్టు. హజార్డ్ లైట్లు వేసి, ఎడమ పక్కకి తీసి పూర్తిగా ఆపు. ఆగాక పి (పార్కింగ్) లో పెట్టి ఇంజన్ ఆపెయ్యి. ఇది వరసగా గుర్తుపెట్టుకో, ఎందుకంటే వరస తప్పితే పని చెడుతుంది.

బ్రేకుని ఎత్తి ఎత్తి తొక్కకూడదని ఎందుకంటున్నానో చెప్పాలి, ఎందుకంటే భయం వేసినప్పుడు కాలు సరిగ్గా అదే పని చేస్తుంది. పెట్రోలు కారులో నీ కాలి బలానికి తోడుగా ఒక బూస్టర్ ఉంటుంది. అది వాక్యూమ్‌తో, అంటే గాలి లాగేసిన ఖాళీతో, పనిచేస్తుంది. ఆ వాక్యూమ్ ఇంజన్ నుంచే వస్తుంది. నువ్వు యాక్సిలరేటర్ వదిలినప్పుడు థ్రాటిల్, అంటే ఇంజన్‌లోకి గాలి పోయే తలుపు, మూసుకుంటుంది, ఇంజన్ గాలి పీలుస్తున్నా గాలి అందదు, అక్కడ వాక్యూమ్ ఏర్పడుతుంది. స్ట్రా ఒక కొస వేలితో మూసి, రెండో కొస నుంచి పీల్చినట్టన్నమాట. పెడల్ కిందిదాకా ఇరుక్కుంటే థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటుంది, వాక్యూమ్ పుట్టదు. అప్పుడు బూస్టర్‌లో మిగిలి ఉన్నది ఒకటి రెండు నొక్కులకి సరిపడా మాత్రమే. మొదటి నొక్కులోనే దాన్ని గట్టిగా వాడుకుంటే కారు ఆగుతుంది. నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా తొక్కి వదిలావంటే అది ఖర్చయిపోతుంది, పెడల్ గట్టిపడిపోతుంది, ఎంత తొక్కినా దిగదు. "బ్రేకులు పోయాయి" అని జనం అనేది చాలాసార్లు ఈ స్థితినే. మెల్లగా తొక్కి అలాగే చాలా దూరం పోవడం కూడా ప్రమాదమే. బ్రేకులు కాగిపోయి పట్టు తగ్గుతుంది.

గట్టిగా తొక్కితే నిజంగా ఆగుతుందా అని నీకు అనుమానం రావచ్చు. 2009 చివర్లో అమెరికాలో కార్ అండ్ డ్రైవర్ పత్రిక వాళ్ళు ఇదే పరీక్ష చేశారు. 268 హార్స్‌పవర్ ఉన్న టయోటా క్యామ్రీని గంటకు 112 కిలోమీటర్ల వేగంలో, యాక్సిలరేటర్ నేలకి తొక్కిపెట్టి, బ్రేకు కూడా పూర్తిగా తొక్కారు. 190 అడుగుల్లో ఆగింది. యాక్సిలరేటర్ వదిలేసి మామూలుగా తొక్కితే 174 అడుగులు. అంటే తేడా 16 అడుగులే. 160 కిలోమీటర్ల వేగంలో చేసినప్పుడు ఆ తేడా 88 అడుగులైంది. వేగం పెరిగేకొద్దీ కష్టమవుతుంది, అందుకే మొదటి క్షణంలోనే తొక్కాలి. అయినా బ్రేకు ఇంజన్ కంటే బలమైనది. ఈ ఒక్క నమ్మకం మనసులో ఉంటే చాలావరకు టెన్షన్ తగ్గుతుంది.

ఇక న్యూట్రల్. ఎన్‌లో వెయ్యగానే ఇంజన్ పెద్దగా అరుస్తుంది. ఆ అరుపు విని కంగారుపడి మళ్ళీ డి లోకి లాగొద్దు. ఇప్పటి కార్లలో ఇంజన్ ఒక హద్దు దాటి తిరగకుండా ఆపే ఏర్పాటు ఉంటుంది, కాబట్టి వెంటనే ఏమీ కాదు. ఒకవేళ దెబ్బతిన్నా తిననీ. ఇంజన్ బాగుచేయించుకోవచ్చు. నీకు కొత్త బండి మీద ఎంత ప్రేమో నాకు తెలుసు కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

చాలా ఆటోమేటిక్ కార్లలో డి నుంచి ఎన్‌కి పోవడానికి లివర్ మీద బటన్ నొక్కక్కర్లేదు, ముందుకి ఒక్క తోపు తోస్తే చాలు. గుండ్రంగా తిప్పే రకం అయితే కొన్నింటిలో తిప్పి ఒక క్షణం పట్టుకోవాలి. నీ కారుది ఎలాగో మాన్యువల్‌లో చూడు, చేత్తో చేసి చూడు. ఖాళీ గ్రౌండ్‌లో, తక్కువ వేగంలో, చూడకుండా చెయ్యి అక్కడికి పోయేదాకా చెయ్యి. గేర్ల కారుకైతే క్లచ్ తొక్కితే చాలు, చక్రాలకీ ఇంజన్‌కీ లంకె తెగిపోతుంది. ఇన్నేళ్ళూ నీ ఎడమ కాలికి ఆ రక్షణ ఉండేది. ఇప్పుడు ఆ పని నీ ఎడమ చెయ్యి నేర్చుకోవాలి.

ముందు సీట్లో కూర్చున్న వాళ్ళకి కూడా ఎన్ ఎక్కడుందో చూపించు. చెల్లెమ్మకి, మీ పెద్దాడికి. నీ రెండు చేతులూ స్టీరింగ్ మీద బిగుసుకుపోతే, పక్కన ఉన్నవాళ్ళు తొయ్యగలరు. శాంటీ కారులో ఇంకో ముగ్గురున్నారని గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇదే అనిపిస్తుంది.

ఇంజన్ ముందే ఎందుకు ఆపకూడదంటే, ఆపగానే పవర్ స్టీరింగ్ పోయి చక్రం బరువెక్కుతుంది. పాత తాళం చెవి కార్లలో చెవిని పూర్తిగా వెనక్కి తిప్పి బయటికి లాగితే స్టీరింగే లాక్ అయిపోవచ్చు. బ్రేకూ, ఎన్ రెండూ పనిచేయకపోతే మాత్రం ఇంజన్ ఆపక తప్పదు. అప్పుడు చెవి అయితే ఒక్క మెట్టు వెనక్కి, ఏసీసీ అని రాసి ఉన్న చోటు దాకా మాత్రమే తిప్పు. బటన్ అయితే నొక్కి పట్టుకో. నీ కారుకి ఎన్ని సెకన్లో, లేక వరసగా ఎన్నిసార్లో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. అది ఈ రాత్రే చూడు. పాత రకం హ్యాండ్‌బ్రేకుని మాత్రం ఒక్కసారిగా లాగకు, వెనక చక్రాలు పట్టేసి కారు తిరిగిపోతుంది.

ఇప్పుడు ఇంకో పెద్ద విషయం. అసలు పెడల్ ఇరుక్కోకుండానే "కారు దానంతటదే దూకింది" అనిపించే సందర్భాలున్నాయి. 1986లో అమెరికాలో ఆడి 5000 కార్ల మీద ఇలాంటి గొడవే లేచింది. 1989లో అక్కడి రవాణా భద్రతా సంస్థ చెప్పిందేమిటంటే, ఎక్కువగా డ్రైవర్లు బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కుతున్నారని. పి నుంచి గేరు తీయాలంటే బ్రేకు మీద కాలుండాలనే నియమం ఆ కార్లలోకి ఆ గొడవ తర్వాతే వచ్చింది. మన దగ్గరే చూడు, 2025 సెప్టెంబరులో ఢిల్లీలో ఒకావిడ కొత్త కారు పూజకి టైరు కింద నిమ్మకాయ తొక్కించబోయి యాక్సిలరేటర్ గట్టిగా నొక్కేసింది. షోరూమ్ మొదటి అంతస్తు అద్దం పగలగొట్టుకుని కారు కింద పడింది. అదృష్టం, ప్రాణాలు దక్కాయి. మన ఊళ్ళల్లో గుడి ముందు చుట్టూ జనం నిలబడి ఉండగానే ఇదే పని చేస్తాం కదా. నిమ్మకాయ దగ్గర ఇక నుంచి జనాన్ని పక్కకి పొమ్మను.

కాబట్టి కారు దూకిందంటే మొదట కాలు ఎత్తు. యాక్సిలరేటర్ మీద కాలు ఉండకూడదు. ఎత్తాక కూడా కారు పరుగెడుతుంటే అది నిజంగా ఇరుక్కున్నట్టు, అప్పుడు వెతుక్కుని బ్రేకు తొక్కు. ఈ రెండూ కలిపితే ఒక్క సెకను పని. నీ ఎడమ కాలు మాత్రం ఫుట్‌రెస్ట్ మీదే ఉండాలి. క్లచ్ కోసం అలవాటుగా వెతికి బ్రేకు మీద పడితే నడిరోడ్డులో కారు చటుక్కున ఆగుతుంది, వెనక లారీ ఉంటే కష్టం.

శాంటీ తర్వాత, లెక్సస్ కార్లు చేసే టయోటా లక్షల కార్లు వెనక్కి పిలిచింది. కొన్నింటికి మ్యాట్లు, కొన్నింటికి సరిగా పైకి రాని పెడల్. ఎలక్ట్రానిక్స్‌లో ఏమైనా లోపముందేమోనని నాసా ఇంజనీర్లు కూడా వెతికారు. 2011లో అలాంటిదేమీ దొరకలేదన్నారు. విషయం జనానికి సరిగా చెప్పలేదని 2014లో ఆ కంపెనీ అమెరికా ప్రభుత్వానికి 120 కోట్ల డాలర్లు కట్టింది. మంచి జరిగిందేమిటంటే, రెండు పెడల్స్ ఒకేసారి నొక్కితే బ్రేకు మాటే వినే ఏర్పాటు ఆ తర్వాత చాలా కార్లలోకి వచ్చింది. నీ కారులో ఉందో లేదో షోరూమ్ వాళ్ళని అడుగు. ఉందన్నా సరే, పైన రాసినదంతా నేర్చుకో.

ఈ ఆదివారం పై మ్యాట్ తీసెయ్యి. అంత ఖరీదు పెట్టి వేయించావని బాధపడకు. అదే ఉండాలనుకుంటే కింది మ్యాట్ తీసి, హుక్కులకి సరిగా తగిలేలా వేయించు, తగలకపోతే వద్దు. తర్వాత ఇంజన్ ఆపి ఉంచి, యాక్సిలరేటర్‌ని చేత్తో నేల దాకా నొక్కి వదులు. టక్కున పైకి రావాలి, ఎక్కడా అంచు తగలకూడదు. మ్యాట్ కడిగి మళ్ళీ వేసిన ప్రతిసారీ ఇది చెయ్యి, కడిగేవాళ్ళు తిరగేసి వేస్తుంటారు. నీళ్ళ సీసాలు డ్రైవర్ సీటు కింద పెట్టొద్దు, దొర్లి బ్రేకు కిందికి వస్తే పెడల్ దిగదు. చెప్పులు విప్పి కాళ్ళ దగ్గరే వదిలే అలవాటు నీకుంది, వాటిని పక్క సీటు కిందికి తొయ్యి.

వచ్చే నెల పెళ్ళి పని మీద రాజమండ్రి వస్తున్నాను. పొద్దున్నే ఎండ ఎక్కకముందు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కి వెళ్దాం. నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుని "ఇరుక్కుంది" అంటాను, నువ్వు బ్రేకు తొక్కి ఎన్‌లో వెయ్యి. తర్వాత చెల్లెమ్మ. అది అయ్యాకే దివాన్‌చెరువు దాటి హైవే ఎక్కుదాం. అమ్మకి నా నమస్కారాలు చెప్పు. మోకాలికి కొత్త డాక్టర్ ఏమన్నాడో రాయి.

నీ
సూరి