సలేశ్వరం లోయలో రాత్రికి నాలుగు బండలు అడుగుతున్నాం: మంత్రి గారికి బహిరంగ లేఖ

అటవీ శాఖ మంత్రి గారికి నమస్కారం.

నల్లమల అడవి లోయలో, గుహలో శివుడు లింగమయ్యగా కొలువైన సలేశ్వరం గురించి మీకు కొత్తగా చెప్పేదేం లేదు కాబట్టి నేరుగా విషయానికొస్తా. జాతరకు వచ్చి లోయలో చీకటి పడి ఇరుక్కుపోయినవాళ్లు తలదాచుకోవడానికి, దారి పక్క గుహల్లో, బండల కింద కాస్త ఏర్పాటు చేయమని రెండుసార్లు అర్జీ పెట్టాం. ఒక ఆఫీసులో ‘ఇది గుడి విషయం, మా పరిధి కాదు’ అన్నారు. ఇంకో ఆఫీసుకు పోతే ‘అడవి విషయం కదా, ఇక్కడికెందుకొచ్చారు’ అన్నారు. పాపం లింగమయ్య, అడవి మధ్యలో గుహలో ఉండి తప్పు చేశాడు.

చీకటి పడేలోపు పైకి వచ్చేయాలనే రూలు మంచిదే. పులుల అడవి, కాదనను. కానీ ఒక్కసారి మీరు ఆ దారిలో నడిచి చూడండి సార్, వెంట ఎవరూ లేకుండా, జాతర రోజునే. బండ్లు ఆగిన చోటి నుంచి నాలుగైదు కిలోమీటర్లు. దిగడం ఎవరైనా దిగుతారు. కింద దారి ఎంత సన్నమంటే, ‘వత్తున్నం లింగమయ్యా’ అని దిగేవాళ్లూ ‘పోతున్నం లింగమయ్యా’ అని ఎక్కేవాళ్లూ భుజాలు రాసుకుంటూ పోవాలి, ఒక్కరికి ఆయాసం వచ్చి కూర్చుంటే వెనక వంద మంది నిలబడాలి. మా పెద్దోళ్లు ఐదు రోజుల జాతర అని చెప్పేవాళ్లు, ఇప్పుడు మూడు రోజులు. రోజులైతే తగ్గించారు గానీ జనం తగ్గారా? అంతమందీ ఆ మూడు రోజుల్లోనే దిగుతారు, ఇక సాయంత్రానికల్లా అందరూ పైకి ఎలా వస్తారో మీరే చెప్పాలి.

మా అమ్మకు 62 ఏళ్లు. మొన్నటి చైత్ర పౌర్ణమికి దర్శనమై తిరిగి ఎక్కుతుంటే సగం దారిలో మోకాలు పట్టేసింది. అంతలో గాలివాన. గొడుగులా ముందుకు వంగిన ఒక బండ కిందికి చేరాం, అప్పటికే అక్కడ పది మంది దాకా ఉన్నారు. బండ అంచు నుంచి నీళ్లు తెరలా కారుతున్నాయి, లోపలేమో నేల వాలుగా ఉండి కూర్చున్నవాళ్లు మెల్లగా బయటికి జారుతున్నారు. అమ్మ కొంగు పట్టుకుని, వెనక ఒక రాయికి కాలు తన్నిపెట్టి కూర్చున్నాను రాత్రంతా. ఫోన్‌లో మూడు శాతం ఛార్జింగ్. ఒక ముసలామె మూటలోంచి జొన్నరొట్టె తీసి ముక్కలు చేసి అందరికీ పంచింది, మనిషికి రెండు వేళ్లంత వచ్చింది. ఎక్కడ ఆకు కదిలినా అందరం ఊపిరి బిగబట్టేవాళ్లం. తెల్లారాక ఇద్దరు చెంచు కుర్రాళ్లు వచ్చి అమ్మను పైదాకా చేయిపట్టి తీసుకొచ్చారు. డబ్బులిస్తే తీసుకోలేదు.

ఇంత చేసి మేం అడిగిందేంటి? కేదార్‌నాథ్‌లో ధ్యాన గుహకు మంచం, కరెంటు, ఫోన్ కూడా ఉన్నాయి, 2019లో ప్రధాని గారు ఒక రాత్రి అక్కడే ఉన్నారు. మాకు మంచం వద్దు సార్. జారిపోకుండా నేల చదును చేయండి, ఒక సోలార్ లైటు, ఒక నీళ్ల డ్రమ్ము పెట్టండి. జాతర రోజుల్లో ఆ చెంచు కుర్రాళ్లకే కూలి ఇచ్చి కాపలా పెట్టండి, ఆ అడవి వాళ్లకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? సలేశ్వరం ఉన్న అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్లట. అందులో నాలుగు బండలు, ఏడాదికి మూడు రాత్రులు. దీనికి పులి కూడా అభ్యంతరం చెప్పదేమో!

సిమెంటు గదులు కట్టి, రిబ్బన్ కట్ చేసి, టికెట్ పెడతారేమోనని ఇంకో భయం. అది మాత్రం చేయకండి, దండం పెడతా.

అమ్మ వచ్చే చైత్ర పౌర్ణమికి మళ్లీ వస్తానంటోంది, వద్దంటే వినదు. రెండు అర్జీల రసీదులూ నా దగ్గరే ఉన్నాయి, కొంచెం తడిశాయి గానీ నంబర్లు కనిపిస్తున్నాయి. ఎవరినైనా పంపితే చూపిస్తా.

ఇట్లు,
అచ్చంపేట వైపు నుంచి ఒక భక్తుడు