విశాఖ ద్వారకానగర్‌లో కలిసిన తమ్ముడికి థాంక్స్

రిపేర్ షాపులో నా పక్కన నిలబడ్డ తమ్ముడూ, పేరు అడిగేలోపే గాజువాక బస్సెక్కేశావు. 2012లో పీసీకి వచ్చిన డార్క్ సోల్స్ గేమ్‌లో మానిటర్ ఎంత పెద్దదైనా బొమ్మ 1024×720 పిక్సెళ్లలోనే తయారవుతుందని, నా తెర మీద అంత మసకగా కనిపించేది అందుకేనని చెప్పింది నువ్వే. అందరూ గ్రాఫిక్స్ కార్డు మార్చమంటుంటే, ఓ అభిమాని ఉచితంగా ఇచ్చిన డీఎస్‌ఫిక్స్ అనే సవరణ ఫైళ్లు గేమ్ డేటా ఫోల్డర్‌లో వేయించి, దాని సెట్టింగులుండే ఐఎన్‌ఐ ఫైల్‌లో రిజల్యూషన్ అంకెలు మార్పించావు. గేమ్‌లో యాంటీ అలియాసింగ్ (అంచుల్ని నునుపు చేసే సెట్టింగ్) ఆపేయాలని కూడా గుర్తుచేశావు. ఇప్పుడు కవచం మీద గీతలు సైతం కనిపిస్తున్నాయి! సెకనుకు 30 దగ్గర కట్టేసిన ఫ్రేములు 60కి చేరాయి. గేమ్‌లో నిచ్చెన మీద మాత్రం జారడం లేదులే, 60 ఫ్రేముల్లో జారితే హీరో నేలలోంచి కిందికి పోతాడన్నావుగా. మళ్లీ కనిపిస్తే బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ నా ఖర్చు. చాలా థాంక్స్.