గేజ్ పెట్టకుండానే పంపు మార్చారు

కస్టమర్ సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: ట్రాక్ లోడర్ లిఫ్ట్ ఆర్మ్‌లు బరువు ఎత్తకపోవడం, అవసరం లేని పంపు మార్చి డబ్బు తీసుకోవడం గురించి.

అయ్యా,

మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం. టైర్ల బదులు రబ్బరు పట్టాల మీద నడిచే మీ కాంపాక్ట్ ట్రాక్ లోడర్ కొని 14 నెలలైంది. హవర్ మీటర్ మీద 1,140 గంటలున్నాయి. వారంటీ 2 ఏళ్లు లేదా 2,000 గంటలు. బండి నేనే నడుపుతాను, ఇల్లు దాని మీదే గడుస్తోంది. 41 రోజులుగా అది మా కళ్లంలో టార్పాలిన్ కప్పుకుని ఉంది.

మా ఉద్దానం ప్రాంతం నేల ఎలాంటిదో మీకు చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి కొబ్బరి చెట్లు కుప్పలుగా కూలిపోయాయి. మొదళ్లు తీయడానికి వచ్చిన టైర్ల బండ్లు ఇసుకలో ఇరుసుల దాకా దిగబడిపోవడం కళ్లారా చూశాను. అందుకే అప్పు పెరిగినా సరే ట్రాక్ బండే కావాలని పట్టుబట్టాను. మీ షోరూంలో కూడా ఇసుకకి, బురదకి ఇంతకంటే మంచి బండి లేదని చెప్పే అమ్మారు. 13 నెలల పాటు ఆ మాట నిజమే అయింది.

తర్వాత బకెట్‌ని పైకెత్తే ఆర్మ్‌లు నీరసించాయి. పొద్దున్న స్టార్ట్ చేయగానే బాగానే లేస్తాయి. గంట పని చేసి, ఆర్మ్‌లని కదిలించే హైడ్రాలిక్ ఆయిల్ వేడెక్కాక, సగం బకెట్ ఇసుకతో మోకాలి ఎత్తుకి వచ్చి ఆగిపోతాయి. లివర్ పూర్తిగా లాగి పట్టుకున్నా కదలవు. ఇంజన్ మీద భారం పడదు, ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ని వదిలేసే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంటే వచ్చే కూత వినపడదు. అదే సమయంలో బకెట్‌ని నేలకి ఆనించి కిందికి వంచితే మాత్రం బండి ముందు భాగం మొత్తం పైకి లేస్తుంది! ఆయిల్ లెవల్ సరిగ్గా ఉంది, నురగ లేదు, నీళ్లు కలిసిన తెలుపు లేదు. ఇవన్నీ మొదటి ఫోన్‌లోనే చెప్పాను.

మొదటిసారి విశాఖ నుంచి వచ్చిన మీ ఇంజనీరు గారు పది నిమిషాలు చూసి, ఆయిల్‌ని తోసే పంపు పోయిందన్నారు. నాలుగు రోజుల తర్వాత కొత్త పంపు బిగించి 78,400 రూపాయల బిల్లు ఇచ్చారు. బయట ఆయిల్ పోశాను కాబట్టి వారంటీ రాదన్నారు. నేను పోసిన ప్రతి డబ్బా మీ డీలర్ దగ్గర కొన్నదే. ఆ బిల్లులన్నీ దీనితో పంపుతున్నాను. పంపు మారిన మర్నాడు, అదే గంట పని తర్వాత, అదే మోకాలి ఎత్తులో ఆర్మ్‌లు మళ్లీ ఆగిపోయాయి.

నేను ఇంజనీరుని కాను. కానీ ఆర్మ్‌లకీ బకెట్‌కీ ఆయిల్ ఇచ్చేది ఒకే గేర్ పంపు అని మీ మాన్యువల్లోనే ఉంది, ట్రాకులు తిప్పే పంపులు వేరు. పంపు నీరసిస్తే బకెట్ కూడా నీరసించాలి కదా? మెయిన్ రిలీఫ్ వాల్వ్ తగ్గినా అంతే. ఒక్క లిఫ్ట్ మాత్రమే బలహీనంగా ఉంటే చూడాల్సింది లివర్ లాగితే ఆర్మ్‌లకి ఆయిల్ వదిలే లిఫ్ట్ స్పూల్, దాని సొంత రిలీఫ్ వాల్వ్ (పోర్టు రిలీఫ్), ఆర్మ్‌లని తోసే సిలిండర్ల లోపలి సీళ్లు. టెస్ట్ పోర్టుకి ప్రెషర్ గేజ్ తగిలించి, బకెట్‌ని చివరిదాకా వంచి పట్టుకుంటే పంపు మంచిదో కాదో అరగంటలో తేలిపోయేది. ఆ రోజు మీ ఇంజనీరు బండిలో గేజ్ లేదు. రిపేరు వివరాలు రాసే జాబ్ కార్డులో ప్రెషర్ అంకె రాయాల్సిన గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

రెండోసారి వచ్చిన కుర్రాడి గురించి మంచిగా చెప్పాలి. అతనికీ గేజ్ ఇవ్వకుండానే పంపారు. అయినా ఓపికగా విన్నాడు. ఆర్మ్‌లు పూర్తిగా దించి, ఇంజన్ ఆపి, ప్రెషర్ వదిలేసి, ఎడమ సిలిండర్ కింది పోర్టు పైపు విప్పాడు. పైపు మూతికి బిరడా కొట్టి, తెరిచిన పోర్టు కింద మా ఇంటి ప్లాస్టిక్ మగ్గు పెట్టాడు. దూరంగా నిలబడమని చెప్పి, నా చేత ఇంజన్ స్టార్ట్ చేయించి, ఆర్మ్ దించే వైపు లివర్ నొక్కించాడు. లోపలి సీల్ బాగుంటే ఆ పోర్టు నుంచి ఆయిల్ ధారగా రాకూడదు. నాలుగైదు చుక్కలు పడ్డాయి, అంతే. కుడి సిలిండర్‌కి అలాగే చేస్తే చిటికెన వేలంత ధార! వేడి ఆయిల్‌తో మగ్గు చూస్తుండగానే నిండింది. "పంపు కాదు గురువుగారూ, పిస్టన్ సీల్ పోయింది" అన్నాడు. వీడియో తీశాను. మీ ఆఫీసు నుంచి వచ్చిన జవాబు మాత్రం "ఓవర్‌లోడ్, ఇసుక, ఆపరేటర్ నిర్లక్ష్యం" అని.

ఓవర్‌లోడ్ అయితే బండి వెనక భాగం లేవాలి. మాది లేవలేదు. 0.4 ఘనపు మీటర్ల బకెట్ నిండా తడి ఇసుక పోసినా సుమారు 800 కిలోలే అవుతుంది, మీరిచ్చిన రేటెడ్ కెపాసిటీ 950. ఇక ఇసుక. ఇసుకలో పని చేస్తుందని అమ్మిన బండికి ఇసుక తగిలిందని వారంటీ ఆపడం న్యాయం కాదు. రోజూ సాయంత్రం సిలిండర్ రాడ్లు గుడ్డతో తుడిచే ఆపాను.

ఇప్పుడు నాకు కావాల్సింది ఇది. గేజ్ ఉన్న ఇంజనీరుని పంపండి. ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు, వేడెక్కాక వచ్చిన అంకెలు జాబ్ కార్డులో రాసి నాకు కాపీ ఇవ్వండి. కుడి సిలిండర్ విప్పి సీల్ కిట్ వారంటీ కింద మార్చండి. కొత్త సీల్ వేసేముందు లోపలి గోడ మీద, రాడ్ మీద గీతలున్నాయేమో నా ఎదురుగా చూడండి, ఉంటే సిలిండరే మార్చాలి, లేకపోతే రెండు నెలల్లో మళ్లీ ఇదే కథ. చిరిగిన సీల్ ముక్కలు ఆయిల్‌లో తిరుగుతుంటాయి కాబట్టి ఫిల్టర్ మార్చి, ఆయిల్ ఫ్లష్ చేయాలి. పంపుకి తీసుకున్న 78,400 రూపాయలు వెనక్కి ఇవ్వండి. విప్పిన పాత పంపు కూడా నాకు తిరిగి ఇవ్వండి, దాన్ని బయట టెస్ట్ చేయించుకుంటాను.

చెరువు పూడికతీత పనులన్నీ వేసవిలోనే. ఈ సీజన్‌లో ఒప్పుకున్న మూడు చెరువులు వేరేవాళ్లకి పోయాయి, ఈఎంఐ మాత్రం నెల తప్పకుండా కట్టాను. రాత్రిళ్లు నిద్ర పట్టని టెన్షన్ ఇది.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో ఇంజనీరు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. స్వయం ఉపాధితో బతకడానికి కొని, సొంతంగా నడుపుకునేవాడు కూడా వినియోగదారుడేనని 2019 చట్టం చెబుతోంది. వీడియో, జాబ్ కార్డులు, ఆయిల్ బిల్లులు జతచేశాను. ఇంజనీరు ఏ రోజు వస్తారో ముందురోజు ఫోన్ చేసి చెబితే, ఆయన వచ్చేసరికి బండిని గంటసేపు నడిపి ఆయిల్ వేడెక్కించి ఉంచుతాను.

ఇట్లు,
మీ ట్రాక్ లోడర్ యజమాని,
వజ్రపుకొత్తూరు మండలం, శ్రీకాకుళం జిల్లా