ఫొటో కింద హీరోయిన్ పేరొక్కటేనా?

సంపాదకులు గారికి,

నమస్కారం. ముంబైలో ఫ్యాషన్ వీక్ జరిగినప్పుడల్లా మీ సినిమా పేజీలో ర్యాంప్ ఫొటోలు వేస్తారు. నేను వాటిని శ్రద్ధగానే చూస్తాను. హైదరాబాద్‌లో ఒక చీరల షాపులో కౌంటర్ మీద పనిచేస్తాను కాబట్టి చూడక తప్పదు కూడా. పొద్దున పేపర్లో వచ్చిన ఫొటో సాయంత్రానికల్లా ఎవరో ఒకరి ఫోన్లో మా ముందుకొస్తుంది, "బాబూ, ఇలాంటి చీర ఉందా?" అని. నా కంప్లైంట్ ఫొటోల మీద కాదు, వాటి కింద మీరు రాసే ఒకటి రెండు లైన్ల మీద. 'ర్యాంప్‌పై మెరిసిన తార', 'హొయలొలికించిన ముద్దుగుమ్మ', ఇంతే ఉంటుంది. ఆమె కట్టుకున్నది ఏ బట్ట, ఏ ఊళ్లో నేసింది అన్న ఊసే ఉండదు. డిజైనర్ పేరు కూడా చాలాసార్లు కనపడదు.

తప్పంతా పేపర్లదే అనను. ఆ ఫ్యాషన్ వీకే సినిమా చుట్టూ తిరుగుతోంది. 2000లో ఢిల్లీలో డిజైనర్ల కౌన్సిల్, మేకప్ సామాన్ల కంపెనీ లాక్మే కలిసి మొదటిసారి పెట్టినప్పుడు దాన్ని వ్యాపారం కోసమే మొదలుపెట్టారు. షాపుల వాళ్లు, ఎగుమతుల వాళ్లు వచ్చి చూడాలి, ఆర్డర్లు ఇవ్వాలి. తర్వాత ఇద్దరికీ పొసగక విడిపోయారు. 2006లో లాక్మే ఫ్యాషన్ వీక్ ముంబైలో విడిగా మొదలైంది. ముంబైలో ఏదైనా పెట్టి, సినిమావాళ్లను పిలవకుండా ఉంటారా? షో ఆఖర్లో ఒక తారను 'షో స్టాపర్'గా నడిపించడం రివాజైపోయింది. కరీనా కపూర్ లాక్మే బ్రాండ్ అంబాసిడర్‌గా గ్రాండ్ ఫినాలేలో నడిచారు. 2016లో డిజైనర్ సబ్యసాచి షోలో ఆమె గర్భంతో నడిస్తే దేశమంతా అదే మాట. ఒంటి మీదున్న లెహంగా పనితనం గురించి మాట్లాడినవాళ్లు ఎంతమంది? 2021లో ఆ రెండు సంస్థలూ మళ్లీ కలిశాయి. 2025 మార్చిలో జియో వరల్డ్ కన్వెన్షన్ సెంటర్‌లో ఘనంగా 25 ఏళ్ల పండగ చేసుకున్నాయి. రివాజు మాత్రం మారలేదు.

తారలు నడవకూడదని నేను అనడం లేదు. అలా అంటే నా పొట్ట నేను కొట్టుకున్నట్టే. 2017లో సమంత తెలంగాణ చేనేతకు ప్రచారకర్త అయ్యాక, కాలేజీ పిల్లలు కూడా కౌంటర్ దగ్గరికొచ్చి "అన్నా, హ్యాండ్లూమ్‌లో చూపించు" అనడం నాకు తెలుసు. మన హైదరాబాద్ డిజైనర్ గౌరంగ్ షా సంగతి చూడండి. జాందానీ (మగ్గం మీదే చేత్తో పువ్వులు వేస్తూ నేసే) చీరలతో ముంబై ర్యాంప్ మీద పేరు తెచ్చుకున్నారు. 'మహానటి'లో సావిత్రి పాత్రకు చీరలు ఇచ్చి, మరో ఇద్దరితో కలిసి కాస్ట్యూమ్స్‌కు జాతీయ అవార్డు అందుకున్నారు. అక్కడ సినిమా వల్ల చేనేతకు మేలే జరిగింది. ఇదే ముంబై వేదిక మీద 2006లో కొత్తవాళ్ల విభాగంలో కేరళ చేనేతతో వచ్చిన రాహుల్ మిశ్రా, 2020లో పారిస్ కుట్యూర్ వీక్‌లో (కొలతలిచ్చి కుట్టించుకునే ఖరీదైన దుస్తుల షోలు) షో చేయడానికి ఆహ్వానం అందుకున్న మొదటి భారతీయ డిజైనర్ అయ్యారు. సరుకున్నప్పుడు దాని గురించి ఒక ముక్క రాస్తే పోయేదేముంది?

ఆ ముక్క వల్ల ఒరిగేదేమిటో మా కౌంటర్ దగ్గర కాసేపు నిలబడితే తెలుస్తుంది. ఫొటోలో ఉన్నది పోచంపల్లి ఇక్కత్ చేనేత చీర అనుకోండి. ఫోన్ చూపించే ఆవిడకు ఆ సంగతి తెలియదు, ఎందుకంటే ఫొటో కింద లేదు. ఆమెకు తెలిసింది హీరోయిన్ పేరు, చీర రంగు. అదే డిజైన్ ప్రింట్ కొట్టిన చీరలు అప్పటికే మార్కెట్లోకి దిగి ఉంటాయి, హీరోయిన్ పేరు మీద. పక్క షాపులో అది చేనేత ధరలో పదో వంతుకు దొరుకుతుంది. ఆవిడ సంతోషంగా కొనుక్కుని వెళ్తుంది. ప్రింట్ చీర కట్టుకోవడం తప్పేం కాదు, మా ఇంట్లోనూ కడతారు. దాన్ని 'పోచంపల్లి' అని చెప్పి అమ్మడం దగ్గరే నా బాధ.

అసలైన ఇక్కత్‌ను నేను తిరగేసి చూపిస్తాను. దారానికే రంగు అద్ది నేస్తారు కాబట్టి రెండు వైపులా డిజైన్ ఒకేలా ఉంటుంది. ప్రింట్ అయితే వెనకవైపు వెలిసినట్టు కనపడుతుంది. ఇంకో గుర్తు, ఇక్కత్‌లో పువ్వు అంచులు గీత గీసినట్టు ఉండవు, కాస్త చెదిరినట్టు ఉంటాయి. దాన్ని చూసి "ఇది డ్యామేజీ పీస్‌లా ఉంది, వేరేది తియ్యండి" అన్నవాళ్లూ ఉన్నారు!

ఆ చెదురు వెనక ఎంత పనుందో మీ పాఠకుల్లో చాలామందికి తెలియకపోవచ్చు. మగ్గం దాకా రాకముందే సగం కష్టం అయిపోతుంది. దారాన్ని ఆసు పోయాలి (మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పుతూ చుట్టాలి), దాని మీద డిజైన్ గుర్తులు పెట్టుకోవాలి, రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు ముక్కలతో గట్టిగా కట్లు కట్టాలి, రంగులో ముంచాలి, ఆరబెట్టాలి, విప్పాలి. రెండో రంగు కావాలంటే మళ్లీ మొదటికి రావాలి. ఆసు పోయడం ఇళ్లలో ఎక్కువగా ఆడవాళ్ల పని. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి, భుజాలు పడిపోతాయి. తల్లి పడే నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన జీవితం మీద తెలుగులో సినిమా కూడా వచ్చింది. రెండు గంటల సినిమాలో చెప్పగలిగిన సంగతిని ఫొటో కింద రెండు మాటల్లో చెప్పడం కష్టమా?

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. కొన్ని రకాల బట్టలను మరమగ్గాల మీద నేయకూడదని 1985లోనే చట్టం చేశారు. 2006లో చేత్తో నేసిందేనని చెప్పే హ్యాండ్లూమ్ మార్క్ తెచ్చారు. పోచంపల్లి ఇక్కత్‌కు జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకేనని చెప్పేది) వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఉప్పాడ, మంగళగిరి, గద్వాల, నారాయణపేట, పుట్టపాక తేలియా రుమాల్, అన్నిటికీ వచ్చింది. కొనేవాళ్లకు ఆ పేర్లే చెవిన పడకపోతే ఆ గుర్తింపుతో ఏం చేసుకోవాలి? 2019-20 చేనేత లెక్కల ప్రకారం దేశంలో 35 లక్షల మంది ఈ పని మీద ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. దాదాపు మూడింట రెండు వంతుల నేత కుటుంబాల ఆదాయం నెలకు 5,000 రూపాయల లోపే.

2025 జూన్‌లో మిలాన్ ఫ్యాషన్ షోలో ప్రాడా కంపెనీ కొల్హాపురీ చెప్పుల్లాంటివే చూపించి, కొల్హాపూర్ మాట ఎత్తకపోతే మనమంతా మండిపడ్డాం. మీరూ గట్టిగానే రాశారు, చదివి సంతోషించాను. చివరికి అవి భారతీయ చేతిపని చూసి చేసినవేనని ఆ కంపెనీ ఒప్పుకోవాల్సి వచ్చింది. మిలాన్ వాళ్లను నిలదీసిన మనం, ముంబై ఫొటో కింద పోచంపల్లి పేరు ఎందుకు వదిలేస్తున్నాం?

స్థలం చాలదని, ఏజెన్సీ పంపిన ఫొటోకు తార పేరే ఉంటుందని మీ డెస్క్‌వాళ్లు అనొచ్చు. స్థలం సంగతికొస్తే, అదే పేజీలో సినిమా రివ్యూ పక్కన కెమెరా ఎవరు, ఎడిటింగ్ ఎవరు, సంగీతం ఎవరు అని బాక్సు కట్టి మరీ వేస్తున్నారు కదా. వివరాల సంగతికొస్తే, చేనేతతో షో చేసే డిజైనర్లు ఏ బట్ట వాడారో దాచుకోరు, అదే వాళ్ల గొప్ప. కొందరైతే షో చివర్లో నేతవాళ్లను ర్యాంప్ మీదికి తీసుకొచ్చి దణ్ణం పెట్టిస్తారు. అలాంటి ఫొటో మన పేపర్లలో నేనైతే చూడలేదు. ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవానికి మాత్రం 'నేతన్నకు వందనం' అని పేజీ నిండా వేస్తారు. అది మానమని చెప్పను. ఆ పేజీలో సగం తగ్గించి, మిగతా ఏడాదంతా ఫొటోల కింద ఒక్కో లైను పెంచినా మాకు అంతకన్నా ఎక్కువ పనికొస్తుంది.

నేను అడిగేది ఇంతే. తార పేరు పక్కన డిజైనర్ పేరు, బట్ట పేరు, నేసిన ఊరు వేయండి. చేనేత సొసైటీ పేరో, నేసినవాళ్ల పేరో తెలిస్తే అదీ వేయండి. పాలిస్టర్ అయితే పాలిస్టర్ అనే రాయండి, అందులో మొహమాటం అక్కర్లేదు. ఫొటో చూసి ఏ నేతో తేలకపోతే హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ కేంద్ర ప్రభుత్వ వీవర్స్ సర్వీస్ సెంటర్లు ఉన్నాయి. అక్కడ దీన్నే చదువుకుని, ఇదే పని మీద ఉన్నవాళ్లు ఉంటారు. ఒక్క ఫోన్ చేసి అడిగితే చెబుతారు.

ఇట్లు,
ఒక చీరల షాపు సేల్స్‌మన్,
హైదరాబాద్